ఫోన్‌లో చూసే గ్రాఫ్: ఏది ఎప్పుడు పనికొస్తుంది?

అనంతపురం, కర్నూలు వైపు ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా రోజూ కనిపించే లెక్కలు దాదాపు ఇవే. శ్రీశైలంలో ఎన్ని అడుగులు, తుంగభద్రలో ఎన్ని టీఎంసీలు, ఏ మండలంలో ఎంత వాన, మార్కెట్ యార్డులో చీనీ (బత్తాయి) ఎంత పలికింది, బుడ్డలు (వేరుశనక్కాయలు) క్వింటాల్ ఎంత. వీటిని తయారు చేసేవాళ్లు ఫ్యాన్ కింద, కంప్యూటర్ ముందు కూర్చుని చేస్తారు. చూసేవాళ్లు యార్డులోనో, బస్సులోనో, చేను గట్టు మీదో ఒక చేత్తో ఫోన్ పట్టుకుని చూస్తారు. పెద్ద స్క్రీన్ మీద ముచ్చటగా ఉన్న గ్రాఫ్ ఫోన్‌లోకి రాగానే చీమల బారులా మారిపోయేది ఇందుకే.

ఆరున్నర అంగుళాల ఫోన్ అంటే పెద్దదే అనుకుంటాం. కానీ ఆ ఆరున్నర ఐమూలగా కొలిచింది. నిలువుగా పట్టుకుంటే అడ్డం ఏడు సెంటీమీటర్లకు లోపే, పొడవు పదిహేను దాకా. వెబ్ డిజైనర్ల లెక్కలో చెప్పాలంటే ఆండ్రాయిడ్ ఫోన్లలో తరచుగా కనిపించే వెడల్పు 360 పిక్సెళ్లు. పొడవు మాత్రం స్క్రోల్ చేసేకొద్దీ వస్తూనే ఉంటుంది. అంటే నిలువు చోటుకు కరువు లేదు, అడ్డం చోటుకే కరువు. దానికి తోడు మన తెలుగు పేర్లు అడ్డంగా సాగుతాయి, ఒత్తులతో కిందికీ దిగుతాయి. అందుకే కింద ఏ రెండింటిని పోల్చినా నేను ముందు చూసేది ఒకటే: అడ్డం చోటును ఏది ఎక్కువ తింటోంది?

అసలు గ్రాఫ్ కావాలా?

చాలాసార్లు అక్కర్లేదు. "ఈరోజు డ్యామ్‌లో ఎంత ఉంది?" అన్న ప్రశ్నకు ఒక పెద్ద అంకె చాలు. దాని కింద చిన్నగా నిన్నటికంటే ఎంత పెరిగిందో, తగ్గిందో రాస్తే పని అయిపోతుంది. ఆ ఒక్క అంకె కోసం స్పీడోమీటర్ లాంటి అర్ధచంద్రాకారం గీసి, ముల్లు పెట్టి, మూడు రంగులు వేసేవాళ్లున్నారు. స్క్రీన్‌లో సగం పోతుంది, చెప్పిన విషయం మాత్రం అదే.

నాలుగైదు పంటలకు ఈరోజు ధర చెప్పాలంటే పట్టికే మేలు. రైతుకు కావలసింది కచ్చితమైన రూపాయలు. బార్ పొడవు చూసి ధర అంచనా వేసుకోవాల్సిన ఖర్మ ఆయనకు లేదు. అయితే పట్టికలో మూడు నిలువు వరుసలు దాటితే ఫోన్‌లో ఇబ్బంది మొదలవుతుంది. యార్డు ధరల్లో కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ ధర (ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర) అని మూడుంటాయి, వాటికి పంట పేరు కలిస్తే నాలుగు. అప్పుడు పంట పేరును పై వరుసలో లావుగా పెట్టి, మూడు ధరలను దాని కింది వరుసలో ఇవ్వండి. లేదా కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా ఒక సన్నటి గీత గీసి, మోడల్ ధర దగ్గర ఒక చుక్క పెట్టండి. చీనీ లాంటి సరుకులో కాయ సైజును బట్టి, నాణ్యతను బట్టి ధర చాలా తేడాగా పలుకుతుంది. ఆ తేడా ఎంత వెడల్పుగా ఉందో ఈ గీత ఒక్క చూపులో చెబుతుంది. మూడు అంకెలు పక్కపక్కనే ఉన్న పట్టిక అంత తేలిగ్గా చెప్పలేదు.

పోలిక, మార్పు, పంపకం, ఈ మూడింటిలో ఏదో ఒకటి చూపించాల్సి వచ్చినప్పుడే గ్రాఫ్ జోలికి వెళ్లాలి.

నిలబెట్టిన బార్లా, పడుకోబెట్టిన బార్లా?

ఎక్సెల్‌లోనూ గూగుల్ షీట్స్‌లోనూ నిలబడి ఉన్నదాన్ని కాలమ్ చార్ట్ అంటారు, పడుకున్నదాన్ని బార్ చార్ట్ అంటారు. చాలామంది కాలమ్‌నే వాడేస్తారు, ఎందుకంటే మెనూలో ముందు కనిపించేది అదే.

అనంతపురం జిల్లాలో 31 మండలాలున్నాయి. 360 పిక్సెళ్లలో అంచులకు, అంకెలకు 40 తీసేస్తే మిగిలేది 320. దాన్ని 31 మండలాలకు పంచితే ఒక్కో దానికి పది పిక్సెళ్లు. ఆ పది పిక్సెళ్ల కింద "బుక్కరాయసముద్రం" అని ఎలా రాస్తారు? సాఫ్ట్‌వేర్ దాన్ని ఏటవాలుగానో, నిట్టనిలువుగానో తిప్పేస్తుంది. ఇంగ్లీషు అక్షరాలను తిప్పితే మెడ వంచి ఎలాగో చదువుకోవచ్చు. తెలుగులో గుడి పక్కకు పోతుంది, ఒత్తు ఇంకో పక్కకు పోతుంది, పక్క పేరు దాని మీద ఎక్కుతుంది. పైగా సాఫ్ట్‌వేర్ చోటు చాలక మధ్యమధ్యలో పేర్లను ఎగరగొట్టేస్తుంది. "మా మండలం యాడుందన్నా?" అని గ్రూపులో అడిగే మనిషిది తప్పు కాదు.

అదే బార్లను పడుకోబెడితే ఒక్కో వరుసకు 24 పిక్సెళ్లు ఇచ్చినా 31 మండలాలకు 744 పిక్సెళ్లు. ఫోన్ పొడవుకు దాదాపు సరిపోతుంది, కాకపోతే ఇంకాస్త స్క్రోల్. పేర్లు నిటారుగా, మామూలుగా చదివేట్టే ఉంటాయి. కాబట్టి ఊళ్లు, మండలాలు, పంటలు, పథకాలు, ఇలా పేర్లున్న దేనికైనా పడుకున్న బార్లే. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఇక్కడ ఇంకో చిన్న ఎంపిక ఉంది. పేరును బార్‌కు ఎడమ పక్కన పెట్టాలా, బార్ పైన పెట్టాలా? ఎడమన పెడితే బ్రహ్మసముద్రం, పెద్దవడుగూరు లాంటి పేర్లు అడ్డంలో మూడో వంతు తినేస్తాయి, బార్ కుంచించుకుపోతుంది. పైన పెడితే బార్‌కు పూర్తి వెడల్పు దొరుకుతుంది కానీ పొడవు పెరుగుతుంది. పది వరుసల లోపు అయితే పేరు పైన పెట్టండి. ఇరవై దాటితే పక్కన పెట్టి, జనం వాడే పొట్టి పేర్లు రాయండి. బి.కె.సముద్రం అంటే తెలియనివాళ్లు ఈ జిల్లాలో లేరు.

వరుస ఎలా పేర్చాలన్నది కూడా ముఖ్యమే. ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నది ప్రశ్న అయితే పెద్దది పైన పెట్టి దిగుతూ పేర్చాలి. రోజూ వెళ్లే వాన రిపోర్టు లాంటిదైతే అలా చేయకూడదు. రోజుకో చోట మండలం పేరు మారిపోతుంటే మనిషి రోజూ వెతుక్కోవాలి. దానికి రెవెన్యూ డివిజన్ల వారీగా అనంతపురం, గుంతకల్లు, కళ్యాణదుర్గం అని మూడు గుంపులు చేసి, మూడు బొమ్మలుగా పంపితే ఎవరిది వాళ్లు తెరుచుకుంటారు. ఎక్సెల్‌లో బార్ చార్ట్ వేస్తే మొదటి వరుస అట్టడుగున వస్తుందని గుర్తుంచుకోండి. యాక్సిస్ సెట్టింగ్స్‌లో వరుసను తిరగేయాలి.

నెలలు, సంవత్సరాలు మాత్రం మినహాయింపు. కాలం ఎడమ నుంచి కుడికి నడుస్తుందని కళ్లకు అలవాటు. పన్నెండు నెలల వానకు నిలబడిన బార్లే బాగుంటాయి. పేర్లతో చిక్కు ఉండనే ఉంది: జనవరి, జూన్, జులై మూడూ 'జ'తోనే, మార్చి, మే రెండూ 'మ'తోనే. ఒక్కక్షరం పొడి పేర్లు పెడితే అయోమయం. మూడు నెలలకొకసారి పూర్తి పేరు రాసి, మధ్యవి వదిలేస్తే చాలు.

గీత గీయాల్సి వస్తే

అనంతపురం జిల్లాకు ఏడాది మొత్తం సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. దాన్ని ఎలా చూపించాలన్నది ఫోన్ సైజును మించిన ప్రశ్న, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను.

రోజువారీ వానను బార్లుగా వేస్తే 365 బార్లు 360 పిక్సెళ్లలో పట్టవు. నెలవారీ వేస్తే పడతాయి కానీ అసలు సంగతి దాచేస్తాయి. ఆగస్టు మొదటి రెండు రోజుల్లో కురిసి, తర్వాత నాలుగు వారాలు మొహం చాటేసినా నెల లెక్కలో "సాధారణం" అని వస్తుంది. వేరుశనక్కాయకు ఊడలు దిగే దశలో వాన లేకపోతే ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. కాబట్టి జూన్ 1 నుంచి రోజురోజుకూ కూడుకుంటూ పోయే గీత వేయండి. పక్కనే సాధారణ వర్షపాతానిది ఇంకో లేత గీత. కూడిక గీత ఎప్పుడూ కిందికి దిగదు. వాన పడిన రోజు మెట్టులా ఎక్కుతుంది, పడని రోజుల్లో బల్లపరుపుగా సాగుతుంది. ఆ బల్లపరుపు ముక్కే ఎండు విరామం. ఎన్నాళ్లు సాగిందో కొలిచి చూసుకోవచ్చు, లోటు ఎంతో రెండు గీతల మధ్య ఖాళీ చెబుతుంది. ఏడు సెంటీమీటర్లలో ఇంత సమాచారం ఇముడ్చుకునే గ్రాఫ్ మన జిల్లాకు ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

ఒకే గ్రాఫ్‌లో ఐదారు గీతలు వేయడం ఇంకో జబ్బు. ఐదు రంగులు, కింద ఐదు రంగుల వివరణ. కన్ను పైకీ కిందికీ తిరుగుతూ ఏ రంగు ఎవరిదో పోల్చుకోవాలి. రెండు గీతలకు మించితే ఒక్కొక్కదానికి చిన్న గ్రాఫ్ వేసి ఒకదాని కింద ఒకటి పేర్చండి. నిలువు చోటు మనకు ఎలాగూ ఉచితం. అన్నిటికీ స్కేలు ఒకటే ఉండాలి, లేకపోతే పోలిక అబద్ధం అవుతుంది. రెండు గీతలే అయితే పేరును గీత చివర పక్కనే రాయండి, విడిగా వివరణ పెట్టె వద్దు.

సున్నా నుంచి మొదలెట్టాలా అన్నది కర్నూలు వాళ్లకు శ్రీశైలం లెక్కతో చెబితే ఇట్టే అర్థమవుతుంది. పూర్తి మట్టం 885 అడుగులు. రాయలసీమకు నీళ్లు తీసుకునే విషయంలో ఏళ్ల తరబడి వాదనల్లో నలుగుతున్న మట్టం 854. సున్నా నుంచి బార్లు వేస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, తేడా నాలుగు శాతం లోపే. పోనీ అని 850 నుంచి మొదలెడితే ఒక బార్ 35 అడుగులు, ఇంకోటి 4 అడుగులు. డ్యామ్ ఎండిపోయినట్టు కనిపిస్తుంది. బార్‌లో మనం చదివేది పొడవును, కాబట్టి దాని కాలు విరగ్గొట్టకూడదు. మట్టం చూపించాలంటే గీత వాడండి. గీతను 800 నుంచి మొదలెట్టినా నష్టం లేదు, అక్కడ చదివేది ఎత్తుపల్లాలను.

ఇంతకీ మట్టం చూపించడం కంటే నిల్వ చూపించడం మేలు. 885 అడుగుల దగ్గర నిల్వ 215.8 టీఎంసీలు. 854 దగ్గర అందులో సగం కూడా ఉండదు. గిన్నె పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి పైనున్న 31 అడుగుల్లోనే సగానికి మించిన నీళ్లున్నాయి. అడుగుల లెక్క విన్నవాడు "96 శాతం నిండింది" అనుకుంటాడు, టీఎంసీల బార్ సున్నా నుంచి వేస్తే నిజం కనబడుతుంది. తుంగభద్రను పక్కన పెట్టేటప్పుడూ అంతే. దాని పూర్తి నిల్వ 105.8 టీఎంసీలే, అంటే శ్రీశైలంలో సగం. రెండూ 80 శాతం అని వేస్తే రెండు డ్యాముల్లోనూ ఒకే పాటి నీళ్లున్నాయన్న భ్రమ కలుగుతుంది.

2009 అక్టోబరు 2 వరద లాంటి రోజు గ్రాఫ్‌లోకి వస్తే ఇంకో తలనొప్పి. ఆ రోజుల్లో శ్రీశైలానికి వచ్చిన ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. దాన్ని అదే గ్రాఫ్‌లో ఉంచితే రెండు మూడు లక్షల ప్రవాహాలు నేలకు అంటుకుపోతాయి. దాన్ని విడిగా అంకెగా రాసేసి, మిగతా ఏళ్లకే గ్రాఫ్ వేయండి. ఒక్కో గడికి పది రెట్లు పెరిగే లాగ్ స్కేలు పరిశోధకుల కోసం. యార్డులో నిలబడ్డ మనిషి దాన్ని చదవడు, చదవమని అడగడం కూడా న్యాయం కాదు.

పై (pie) చార్ట్ గురించి నాలుగు మాటలు

రొట్టెను ముక్కలు కోసినట్టుండే ఈ గుండ్రటి బొమ్మలో రెండు ముక్కలైతే పర్వాలేదు, మూడుకు ఓర్చుకోవచ్చు. అంతకు మించితే బార్లే. ఏ బొమ్మలో మనిషి కన్ను ఎంత కచ్చితంగా కొలుస్తుందో 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు పరిశోధకులు పరీక్షించి చూశారు. ఒకే గీత మీద ఉన్న స్థానాలను పోల్చడంలో జనం బాగా నెగ్గారు, కోణాలను పోల్చడంలో వెనకబడ్డారు. పై చార్ట్ అంటే కోణాలే.

జిల్లా మ్యాపా, మండలాల జాబితా?

మ్యాప్ చూడగానే ముచ్చటేస్తుంది. మన జిల్లా ఆకారం, అందులో రంగులు. ఫోన్‌లో మాత్రం దానికి మూడు చిక్కులు. విస్తీర్ణంలో పెద్ద మండలం కంటికి పెద్దగా కనబడుతుంది, దాని లెక్క చిన్నదైనా సరే. 31 మండలాల పేర్లు ఆ చిన్న బొమ్మలో పట్టవు, పేరు లేకపోతే సొంత మండలం ఏదో చాలామంది గుర్తుపట్టలేరు. మూడోది వేలు. తాకే చోటు కనీసం 48 యూనిట్లు ఉండాలని గూగుల్, 44 ఉండాలని ఆపిల్ తమ డిజైనర్లకు చెబుతాయి. 360 వెడల్పు మ్యాప్‌లో చిన్న మండలాలు ఆ కొలతకు తూగవు. ఒకటి నొక్కితే పక్కది తెరుచుకుంటుంది. కంప్యూటర్‌లో మౌస్ పైన పెడితే అంకె కనిపించే సౌకర్యం ఫోన్‌లో లేనే లేదు. పైగా నొక్కిన వేలే ఆ అంకెను కప్పేస్తుంది.

మరి మ్యాప్ ఎప్పుడు? పక్కపక్క మండలాల మధ్య సంబంధమే అసలు కథ అయినప్పుడు. భూగర్భ జలాలు ఒక వైపంతా లోతుకు పోయి, తుంగభద్ర ఎగువ కాలువ పారే చోట పైకి ఉన్నాయా అన్నది జాబితాలో ఎంత వెతికినా తెలియదు, మ్యాప్‌లో ఒక్క చూపుకు తెలుస్తుంది. అప్పుడు కూడా రంగులు నాలుగైదుకు మించనివ్వకండి. ఒకే రంగులో లేత నుంచి ముదురుకు పోవాలి. పేర్లు రెండు మూడు పెద్ద ఊళ్లకే పెట్టండి, దిక్కు తెలియడానికి గుంతకల్లు, తాడిపత్రి, రాయదుర్గం చాలు. కచ్చితమైన అంకెలకు కింద జాబితా ఇవ్వండి. ఒక్కటే వేసే వీలుంటే జాబితాకే నా ఓటు.

భూగర్భ జలాల దగ్గర ఒక మెలిక ఉంది. అంకె పెరిగితే నీళ్లు లోతుకు పోయినట్టు. పొడవాటి బార్ చూసి "మనకు బాగా ఉన్నాయే" అని సంతోషించే ప్రమాదం ఉంది. "నేల నుంచి ఎన్ని మీటర్ల కింద" అని శీర్షికలోనే రాయండి.

రంగులు, అక్షరాలు

మంచికి పచ్చ, చెడుకు ఎరుపు అందరికీ అలవాటే కానీ ఆ రెండింటి తేడా తెలియని చూపు మగవాళ్లలో అరుదేమీ కాదు. నీలం, నారింజ జత సురక్షితం. పక్కనే అంకె రాస్తే రంగు మీద భారం తగ్గుతుంది. నల్ల బ్యాక్‌గ్రౌండ్ రాత్రి గదిలో బాగుంటుంది, మధ్యాహ్నం ఎండలో అద్దంలా మన మొహాన్నే చూపిస్తుంది. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ముదురు రంగులే మేలు. బూడిద రంగు సన్న గీతలు ఎండలో మాయమవుతాయి. అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5 రెట్లు ఉండాలన్నది వెబ్ ప్రమాణం.

తెలుగు అక్షరం 14 పిక్సెళ్ల కంటే తగ్గితే ప, వ కలిసిపోతాయి, ఒత్తులు మసకబారతాయి. వరుసల మధ్య ఒకటిన్నర రెట్లు ఎడం లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుతుంది. అంకెలను మన పద్ధతిలో రాయండి. చాలా టూల్స్ 250K, 2.5M అని వాటంతట అవే పెట్టేస్తాయి. 2.5 లక్షలు, 25 లక్షలు అని మార్చడం మన పనే.

ఏ టూల్ అంటారా? గూగుల్ షీట్స్ చాలామందికి సరిపోతుంది. ఊరికే దొరుకుతుంది, లింక్ పంచుకోవచ్చు. వెబ్‌సైట్‌లో పెట్టే గ్రాఫ్ అయితే డేటారాపర్ మేలు, చిన్న స్క్రీన్‌లో ఎలా కనబడుతుందో అక్కడే చూపిస్తుంది. ఆఫీసులో పవర్ బీఐ ఉంటే అందులో ఫోన్ కోసం విడిగా లేఅవుట్ పెట్టుకునే వీలుంది. చాలామంది దాన్ని తెరిచి కూడా చూడరు.

బొమ్మగానా, లింక్‌గానా, పీడీఎఫ్‌గానా?

లింక్‌లో లెక్క ఎప్పటికప్పుడు మారుతుంది, మండలం పేరు కొట్టి వెతుక్కోవచ్చు. కానీ గ్రూపులో వచ్చిన లింక్‌ను నొక్కేవాళ్లు తక్కువ. తెలియని లింక్ నొక్కొద్దని బ్యాంకులూ పోలీసులూ రోజూ చెబుతుంటే ఎందుకు నొక్కుతారు? బొమ్మ అయితే కళ్ల ముందుకే వస్తుంది, సిగ్నల్ లేని చోట కూడా గ్యాలరీలో ఉంటుంది. రోజువారీ ధరలకు, వానకు బొమ్మ. సీజన్ అంతా చూసుకునే లెక్కకు లింక్.

బొమ్మ పంపేటప్పుడు తేదీ, లెక్క ఎక్కడిదో బొమ్మలోనే రాయాలి. కింద క్యాప్షన్‌లో రాసింది ఫార్వర్డ్‌లో ఊడిపోవచ్చు. పోయినేడాది ధర ఈ ఏడాది ధరగా తిరగడం మనకు కొత్త కాదు. 1080 పిక్సెళ్ల వెడల్పు, 1350 పొడవు బాగా కుదిరే కొలత (ఇవి బొమ్మలోని అసలు పిక్సెళ్లు, పైన చెప్పిన 360 వెబ్ డిజైనర్ల లెక్క). మరీ పొడవైతే చాట్‌లో తల, తోక కత్తిరించి చూపిస్తుంది. వాట్సాప్ బొమ్మలను కుదించి పంపుతుంది, సన్న అక్షరాలకు ముందు దెబ్బ. 2023 నుంచి హెచ్‌డీ అని ఎంచుకునే వీలుంది, అది నొక్కి పంపండి.

పీడీఎఫ్ ఫోన్‌లో చదవడం శిక్ష. ఏ4 కాగితం అడ్డం 21 సెంటీమీటర్లు. అది ఏడు సెంటీమీటర్లలోకి కుదిస్తే 12 పాయింట్ల అక్షరం 4 పాయింట్లు అవుతుంది. జూమ్ చేస్తే పేరు కనబడినప్పుడు అంకె కనబడదు, అంకె కనబడితే పేరు పోతుంది. పైనుంచి పీడీఎఫే కావాలని అడిగితే పేజీ సెటప్‌లో ఏ4 తీసి ఏ6 పెట్టండి. అడ్డం పదిన్నర సెంటీమీటర్లే కాబట్టి అదే 12 పాయింట్ల అక్షరం ఫోన్‌లో ఎనిమిదికి దగ్గరగా నిలబడుతుంది. ఆఫీసులో ప్రింట్ అడిగితే ఒక ఏ4 కాగితం మీద నాలుగు ఏ6 పేజీలు సరిగ్గా పడతాయి.